బురుల్సున్ ఇంట్లో కబురు

"పొద్దున్నే బురుల్సున్ ఇంటికి వెళ్ళి పనిలో కూర్చో," అన్నాడు ఊరిపెద్ద ఆసన్‌బెక్. "మధ్యాహ్నం ఆ ఇంట్లో ఒక కబురు చెప్పాలి. మేం వచ్చేదాకా గడప దాటొద్దు. బయటి మాట లోపలికి రానివ్వొద్దు."

ఎవరో పోయారని నర్గీజాకి అర్థమైంది. ఆ కొండల్లో చావు కబురు ఒక్కరే వచ్చి చెప్పరు. ముందు ఊరంతా తెలుసుకుంటుంది. పెద్దలు కూడబలుక్కుని వస్తారు. అందాకా ఆ మనిషి చెవిన మాత్రం పడనివ్వరు.

"ఎర్మెకేనా తాతా?"

ముసలాయన గుర్రాన్ని మళ్ళించుకుని వెళ్ళిపోయాడు.

ఇంకెవరుంటారు? బురుల్సున్‌కి ఉన్నది ఒక్కగానొక్క కొడుకు. బొగ్గు లారీ తోలుతాడు. నిన్న కనుమలో మంచు చరియలు విరిగిపడ్డాయట. తన మొగుడు తలాయ్‌కి ఆ దారితో పనే లేదు. ఉన్ని బొమ్మలు మూటగట్టుకుని బిష్కెక్ బజారుకు వెళ్ళాడు, సాయంత్రం బస్సుకి వచ్చేస్తాడు. అమ్మయ్య అనుకుంది నర్గీజా. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆమె వెళ్ళేసరికి బురుల్సున్ పొయ్యి ముందుంది. పెద్ద కుండలో మంజిష్ఠ వేరు ఉడుకుతోంది, ఎర్రగా, చిక్కగా. ఉన్ని ముంచి పిండుతుంటే ముసలామె చేతులు మోచేతుల దాకా ఎరుపెక్కాయి. నర్గీజా ఆ చేతుల మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"ఏం పిల్లా, అలా గుడ్లప్పగించావేం? నక్క బొమ్మలకి ఎర్ర రంగు కాక ఆకుపచ్చ వేస్తారా?"

నర్గీజా నవ్వు తెచ్చిపెట్టుకుంది. ముందు ఈవిడ ఫోను సంగతి చూడాలి. ముసలామె అటు తిరగ్గానే కిటికీలోని ఫోను తీసి ఉన్ని బుట్ట అడుగున కుక్కేసింది.

"నీ ఫోను కూడా ఇలా తే. సబ్బునీళ్ళు పడితే పాడైపోతుంది," అని బురుల్సున్ దాన్ని తన ఆప్రాన్ జేబులో వేసుకుంది. పోనీలే, ఎవరైనా నోరు జారి తనకి ఫోన్ చేసినా ముప్పే అనుకుని నర్గీజా ఊరుకుంది.

ఇద్దరూ కూర్చున్నారు. ఒకరు వేడి సబ్బునీళ్ళతో ఉన్ని ఉండల్ని రుద్ది గట్టిపరుస్తుంటే, ఒకరు ముళ్ళసూదితో పొడిచి పొడిచి మూతులూ చెవులూ తీరుస్తున్నారు. నర్గీజా సూది రెండుసార్లు తన వేల్లోనే దిగింది.

"నక్కని పొడవవే అంటే నిన్ను పొడుచుకుంటావేం?" అంది బురుల్సున్. ఆ రోజు ఆమె నోటికి తాళమే లేదు. చచ్చిపోయిన మొగుడు పెళ్ళినాడు గుర్రం మీంచి పేడలో పడ్డ సంగతి చెప్పి నవ్వించింది. నవ్వీ నవ్వగానే నర్గీజాకి ఏడుపు ముంచుకొచ్చేది.

"ఎర్మెక్‌ని రానీ. ఈ బుట్టలన్నీ వాడి లారీలో వేసి పంపుదాం."

నర్గీజా ముసలామె పెట్టిన రొట్టె ముక్కని నమలకుండానే మింగేసింది.

"నిదానంగా తిను. మీగడ వేసుకో. ఇంకో ముక్క తిను. మధ్యాహ్నం నీకు తినే తీరిక ఉంటుందో ఉండదో."

"ఎందుకుండదు పెద్దమ్మా?"

"పని ఉంది కదే," అని ముసలామె కళ్ళు తుడుచుకుంది. "పాడు ఆవిరి. కళ్ళు మండిపోతున్నాయి."

చెప్పేస్తే? ఇంత మంచి మనిషిని పక్కన కూర్చుని మోసం చేయడమేనా? నాలుగైదుసార్లు నోటిదాకా వచ్చింది. నర్గీజా పళ్ళు బిగపట్టి సూది పొడుస్తూనే ఉంది.

మధ్యాహ్నం కుక్క మొరిగింది. కిటికీలోంచి చూస్తే వీధి పొడవునా జనం. ముందు టోపీల ముసలివాళ్ళు, వెనక తెల్ల తలగుడ్డల ఆడవాళ్ళు. 

"పెద్దమ్మా, ఈ నక్కకి తోక మిగిలింది. అది పూర్తిచేసి లేద్దాం," అంది నర్గీజా. ఇంకో నిమిషం, ఇంకొక్క నిమిషం ఆమెని ఇలాగే ఉండనివ్వాలి.

"చాలు తల్లీ. అక్కడ పెట్టేయ్." బురుల్సున్ తలెత్తలేదు. ఆమెకి తెలిసిపోయిందని నర్గీజాకి అర్థమైంది.

తలుపు తెరుచుకుంది. గది నిండిపోయింది. ఇలాంటి కబురు వినే మనిషికి చెరో పక్కన ఆడవాళ్ళు నిలబడి జబ్బలు పట్టుకోవాలి, లేకపోతే మొహం రక్కేసుకుంటారు. ఆసన్‌బెక్ నేల చూపులు చూస్తూ గొంతు సవరించుకున్నాడు. నర్గీజా గబగబా లేచి బురుల్సున్‌ని పట్టుకోబోయింది.

చేతులు కదల్లేదు, తన రెండు జబ్బలూ అప్పటికే ఇద్దరు ఆడవాళ్ళ పట్టులో ఉన్నాయి, అందులో ఒకరు బురుల్సున్.