మీదేసుకున్న కేసు

"సూది నాకెయ్యండి సార్. జబ్బు మా అన్నది."

ఖమర్‌బీ చేతిలోని దూది జారి కింద పడింది. ముప్పై ఏళ్ళ నర్సు ఉద్యోగంలో ఇలాంటి మాట ఆమె ఎన్నడూ వినలేదు. కర్నూలు నుంచి ప్రొద్దుటూరు ఆసుపత్రికి బదిలీ మీద వచ్చి పది రోజులైనా కాలేదు. ఇక్కడి మనుషులు ఆమెకింకా అంతుపట్టలేదు.

స్టూలు మీద కూర్చున్న మనిషి పేరు వెంకటప్ప. జమ్మలమడుగు అవతల ఏదో పల్లె. తెల్లచొక్కా, మెలితిప్పిన మీసం.

"మీ అన్నంటే?" అడిగాడు డాక్టరు రహీం.

"చెన్నకేశవన్న సార్. మా పార్టీకంతా ఆయప్పే పెద్దదిక్కు. చెప్పుకోగూడని చోట పుండు లేసింది. నొప్పి లేదు, తగ్గేదీ లేదు."

"ఆయన్నే రమ్మనకపోయినావా?"

"అన్న ఈడికొస్తే రేప్పొద్దునకు ఎదుటి పార్టీవాళ్ళు గోడల మీద రాస్తారు సార్. ఆయప్ప కేసులన్నీ నేనే మీదేసుకుంటా. రెండు తూర్లు కడప జైల్లో ఉండొచ్చినా. బాంబులేసిన దినం నేను ఊర్లోనే లేను. అయినా ఒప్పుకున్యా."

గర్వంగా మీసం తడుముకున్నాడు.

ఖమర్‌బీకి ఉండబట్టలేదు. "సూది నీకేస్తే ఆయనకెట్ల తగ్గుతాదప్పా?"

"నేను జైల్లో కూసుంటే ఆయప్ప మింద కేసు కొట్టెయ్యలేదామ్మా? ఇదీ అట్లనే."

డాక్టరు నాలుగు చివాట్లు పెడతాడని ఆమె ఎదురుచూసింది. ఆయన సబబే అన్నట్టు తల ఊపాడు.

"సరే వెంకటప్పా. కేసు మీదేసుకున్నోడు పంచనామాకు గూడా నిలబడాల. లోపలికి రా."

ఇద్దరూ తెర వెనక్కి పోయి రెండు నిమిషాల్లో వచ్చారు. గుండ్రాయిలాంటి మనిషిలో డాక్టరు అక్కడ ఏం చూశాడో ఖమర్‌బీకి అర్థం కాలేదు.

"ఇది సిఫిలిస్. సవాయి రోగం. సూదితో పోతాది," అన్నాడు డాక్టరు. "నా భయమంతా ఎయిడ్స్ గురించి."

మీసం మీది చెయ్యి కిందికి దిగింది. "దానికీ దీనికీ ఏం సంబంధం సార్?"

"మీ అన్న ఇంటికి ప్రహరీ ఉందా?"

"నిలువెత్తున్నర సార్. పైన గాజుపెంకులు."

"దానికి కంత పడితే?"

"ఎదుటి పార్టీవాళ్ళు దూరతారు."

"చర్మం గూడా ప్రహరీనే. పుండే కంత. ఎయిడ్స్ క్రిమి దాంట్లోంచి సులువుగా దూరుతాది. కంత పడిందని తెలిస్తే మీ మనుషులేం చేస్తారు?"

"అందరం ఆడికే ఉరుకుతాం."

"రక్తంలో కాపలావాళ్ళూ అంతే. పుండు కాడికి ఉరికొస్తారు. ఆ క్రిమికి కావాల్సింది వాళ్ళే. అక్కడికక్కడే పట్టుకోని తన పార్టీలోకి మార్చుకుంటాది. అందుకే పుండున్నోనికి అది అంటుకునే ప్రమాదం మామూలోనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ."

"కాపలావాళ్ళే పార్టీ మారితే ఇంకేముంది సార్!" అన్నాడు వెంకటప్ప.

"ఇప్పటికే దూరిందేమో రక్తం చూడాల. అదీ మీదేసుకుంటావా?"

వెంకటప్ప చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "ఏసుకుంటా సార్."

"ఇతని రక్తంలో ఏముంటాది సార్?" అంది ఖమర్‌బీ.

"తియ్యండి సిస్టర్."

తీసింది. టెస్టు డోసు వేసి చూసి, రెండు పిరుదులకూ పెన్సిలిన్ ఎక్కించింది. నిదానంగా, ఊరి కేసుకూ ఒంటి కేసుకూ తేడా తెలిసివచ్చేలా.

రిపోర్టు వచ్చేదాకా వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోలేడు పాపం. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఖమర్‌బీకి జాలేసి టీ తెచ్చిచ్చింది.

"నీకెందుకప్పా ఇంత భయం?"

"అన్న తప్పు చేసినాడు, సరే. ఇంట్లో ఆయమ్మ ఏం చేసిందమ్మా? ఏ పాపమూ ఎరగదు. ఆమెకూ అంటుకోనుంటే? తెలిసి ఇడిచిపెట్టి పోతే?"

అప్పటినుంచీ ఖమర్‌బీ మనసులో ఆ చెన్నకేశవ భార్యే మెదలసాగింది.

మధ్యాహ్నం డాక్టరు కాగితం చూసి చెప్పాడు. "ఎయిడ్స్ లేదు. కానీ ఈ పొద్దు లేదంటే రేపూ లేదని కాదు. మూడు నెలలకు మళ్ళీ వాయిదా. అందాక నిరోధ్ లేకుండా పక్క మీదికి పోవద్దని మీ అన్నకు చెప్పు."

అంత మీసమున్న మనిషి తువ్వాలు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఏం విశ్వాసం అనుకుంది ఖమర్‌బీ.

"మీ అన్న భార్యకు గూడా సూది పడాల. ఆమె కేసు ఎవరు మీదేసుకుంటారు?"

వెంకటప్ప నేల చూపులు చూశాడు. "మా ఇంటిది సార్. ఆదిలక్ష్మమ్మ."

"ఒప్పుకుంటాదా?"

"ఒప్పిస్తా సార్. కాళ్ళు పట్టుకోనైనా."

"రేపు ఫస్టు బస్సుకు తోడుకోని రా."

అతను కుంటుకుంటూ గేటు దాటాడో లేదో, ఖమర్‌బీ డాక్టరు బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"అల్లా మెచ్చడు సార్! రోగమున్నాయన దర్జాగా ఇంట్లో కూర్చునుంటే, ఏ రోగమూ లేని మొగుడూపెళ్ళాలకు సూదులా? అక్కడ ఆ చెన్నకేశవ భార్య గతేం గావాల? ఇప్పుడే మనిషిని పంపించి ఆయన్ను పిలిపించండి!"

డాక్టరు రహీం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మూడేండ్ల కింద జమ్మలమడుగులో ఆ చెన్నకేశవకు పోస్టుమార్టం చేసింది నేనే సిస్టర్."