గోడ అవతలి దెబ్బలు

చివరి మేకు దిగ్గొట్టి సుత్తి కింద పెట్టిందో లేదో, గోడ అవతల ఫట్‌మంది. వెంటనే ఇంకోటి. ఆపైన వరసగా.

చెంపదెబ్బ చప్పుడు ఎలా ఉంటుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. పదకొండేళ్లు మొగుడి చేతిలో తింది. అప్పుడు ఇరుగుపొరుగు తలుపులు వేసుకుని టీవీ సౌండు పెంచుకున్నారు. ఆ మొగుణ్ణయినా క్షమిస్తుందేమో గానీ, ఆ ఇరుగుపొరుగుని చచ్చినా క్షమించదు.

ఫొటో ఫ్రేములు కట్టడం ఆమె పని. ఈ గదిలోకి దిగి పది రోజులు కాలేదు. పన్నెండేళ్లుగా తాళం వేసి ఉన్న గది. ఇల్లుగలాయన తాళం తీసిస్తూ, పక్క వాటాలో తన అన్నయ్య ఒక్కడే ఉంటాడని చెప్పాడు. అరవై నాలుగేళ్లు. ఆటిజం. పుట్టుకతో వచ్చిందే అయినా, దాని పేరేమిటో యాభై ఎనిమిదో ఏట గానీ ఏ డాక్టరూ చెప్పలేదట. ఎవరి జోలికీ రాడని, పక్కన మనిషి అలికిడి ఉంటే ఆయనకీ కాస్త తోడుగా ఉంటుందనే గది అద్దెకిస్తున్నానని అన్నాడు.

పెద్దాయన్ని ఆమె రోజూ మెట్ల దగ్గర చూసేది. మెడదాకా గుండీలు పెట్టిన బూడిదరంగు చొక్కా. పోస్టాఫీసులో ముప్పై అయిదేళ్లు ఉత్తరాలు వేరుచేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత ఆయనతో రెండు ముక్కలు మాట్లాడిన వాళ్లు లేరు. పలకరిస్తే పలికేవాడు కాదు. నాలుగో రోజు మాత్రం తనంతట తనే ఆగాడు.

“నిన్న నలభై రెండు,” అన్నాడు, ఆమె చెప్పులకేసి చూస్తూ. “రేపు తగ్గుతుందా?”

ఎండ గురించి అనుకుంది ఆమె. “నా చేతుల్లో ఏముంది పెద్దాయనా,” అని నవ్వింది.

ఆయన నవ్వలేదు. బుద్ధిగా తలూపి, మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కి వెళ్లిపోయాడు. ఆ తలూపినప్పుడే చూసింది ఆమె. రెండు చెంపలూ కమిలి నల్లబడి ఉన్నాయి.

ఆ వాటాకి రెండో తాళంచెవి ఉన్నది తమ్ముడి దగ్గరే. సాయంత్రాలు క్యారేజీ పట్టుకుని వచ్చేదీ ఆ ఇల్లుగలాయనే. చేతులా అవి, రోకళ్లు. ఇంకెవరు కొడతారు?

పైగా ఆ మనిషి మర్నాడు గేటు దగ్గర ఆమెనే ఆపి, అన్నయ్య మీద ఎవరో చెయ్యి చేసుకుంటున్నట్టుందని, ఆమెకేమైనా వినిపిస్తోందా అని అడిగాడు. ఎంత నటన! వినిపిస్తే చెప్తాలెండి అంది పళ్లు నూరుకుంటూ.

దెబ్బలు తను పనిచేసుకునే వేళకే ఎందుకు పడుతున్నాయో ఆమెకి తొందరగానే అర్థమైంది. విన్నవాళ్లు అదీ సుత్తి చప్పుడే అనుకుంటారని, ఆ చాటున కానిచ్చేస్తున్నాడు. ఒకరోజు పంతం పట్టి సుత్తి ముట్టుకోలేదు. పొద్దస్తమానం గోడకి చెవి ఆనించి కూర్చుంది. తమ్ముడు వచ్చాడు, వెళ్లాడు. ఒక్క దెబ్బ పడితే ఒట్టు. చాటు లేకపోయేసరికి చెయ్యి లేవలేదు వెధవకి.

మర్నాటికి ఆర్డర్లు పేరుకుపోయాయి. గోడవారగా బల్ల జరుపుకుని సాయంత్రం దాకా మేకులు కొట్టింది. సుత్తి ఆపగానే అవతల మళ్లీ మొదలు. ఈసారి దెబ్బల మధ్య ఒక మూలుగు కూడా వినబడింది, నోట్లో గుడ్డ కుక్కుకున్న మనిషి మూలుగు.

ఆమె ఒళ్లు భగ్గుమంది. పెద్ద సుత్తి తీసి గోడని బాదింది.

“వినబడుతోందిరా! ఇక్కడ నేనున్నాను!”

సున్నం పెచ్చులు రాలిపడ్డాయి. చెయ్యి లాగేదాకా బాది ఆగింది. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఫట్, ఫట్, ఫట్. ఇదివరకటి కంటే గట్టిగా, ఊపిరి తిప్పుకోనివ్వకుండా.

నాకే ఎదురు తిరుగుతాడా అని మళ్లీ బాదింది. మళ్లీ పడ్డాయి. ఇంకా బాదింది. ఇంకా పడ్డాయి. పెదవి చిట్లిందో, పన్నే ఊడిందో, చప్పుడుకి తడి వచ్చింది. గేటు ఎప్పుడు తెరుచుకుందో ఆమెకి తెలియదు. ఏడుస్తూ, తిడుతూ, సుత్తితో సహా బయటికి పరుగెత్తింది.

పక్క తలుపు ధడాలున తెరుచుకుంది. తమ్ముడు. చొక్కా నిండా రక్తం. రెండు చేతులూ రక్తం. ఆమె చేతిలోని సుత్తి మీదికే వచ్చాడు.

ఆమె కొట్టింది. మణికట్టు ఎముక పుటుక్కుమంది. రెండోది భుజం మీద పడింది. గుమ్మంలో కుప్పకూలాడు. పదకొండేళ్ల కసి చేతుల్లోకి వచ్చింది. తలకి గురిచూసి సుత్తి ఎత్తింది.

“కొట్టు. ఇప్పుడు కొట్టు చూద్దాం.”

లోపల ఫట్‌మంది.

సుత్తి గాల్లోనే ఆగిపోయింది. మనిషి తన కాళ్ల దగ్గర పడి ఉన్నాడు. లోపల దెబ్బ మీద దెబ్బ పడుతూనే ఉంది.

“లోపల ఇంకెవరున్నారు?” అంది.

“ఎవరూ లేరమ్మా,” అన్నాడు తమ్ముడు, విరిగిన చేతిని గుండెకి అదుముకుంటూ. “ఇప్పుడు మీరుంటున్న గదిలో మా నాన్న మంచం పట్టి ఉన్నప్పుడు, లేచి కొట్టే ఓపిక లేక, కర్రతో ఆ గోడ మీద ఎన్ని దెబ్బలు కొడితే అన్ని చెంపదెబ్బలు అన్నయ్య తనకి తనే వేసుకోవాల్సి వచ్చేది.”