అక్క పట్టలేదు

శ్రీకాకుళం ఆసుపత్రిలో భారతి గుండె మళ్లీ తడబడింది. మంచం పక్కనున్న మానిటర్ తెరపై గుండె గీత అడ్డదిడ్డంగా ఎగిరింది.

"నిరుడు కామెర్లతో పోయిన దీని అక్కే దెయ్యమై పట్టీసినాది, డాక్టరమ్మా," అన్నాడు తండ్రి కూర్మయ్య. ఉదయమే సముద్రంలో చేపల వేట నుంచి వచ్చిన మనిషి, ఒంటిమీద ఇంకా ఉప్పునీరు ఆరలేదు.

"ఎవరూ పట్టలేదు," అంది డాక్టర్ అనూరాధ. "మొన్నటి జ్వరంతో పోరాడ్డానికి ఒంట్లోని రక్షణ కణాలు గుండెలోకి చేరాయి. జ్వరం తగ్గినా అవి పోరు ఆపలేదు. అందుకే గుండె లయ తప్పుతోంది. మందులతో నెమ్మదిస్తాయి."

భారతి కళ్లు చెమర్చాయి. "అయితే అక్క నన్నేటీ సెయ్యలేదా, అయ్యా?"

కూర్మయ్య గోడకు జారగిలబడ్డాడు. చనిపోయిన పెద్దకూతురి ఆత్మ ఇంట్లోకి రాకూడదని భూతవైద్యుడి చేత గుమ్మానికి మేకులు కొట్టించింది అతనే.

"లేదమ్మా," అన్నాడు. "సెల్లిని సూసెల్దామనే వొచ్చుంటాది. నేనే గుమ్మం దాటనివ్వలేదు."