శుభ్రం చేసిన మ్యాపు

కొండ మీది పోడు భూమికి పట్టా ఇవ్వడం కుదరదని ఆఫీసు వాళ్లిచ్చిన కాగితం పట్టుకుని సోంబరు తాత ముంచింగిపుట్టులో మా నెట్ సెంటరుకి వచ్చాడు. తాతల కాలం నుంచి అక్కడున్నట్టు ఆనవాళ్లు లేవట.

"మ్యాపు పెట్టాం కదా తాతా!" నాకు ఒళ్లు మండింది.

ఆ మ్యాపుని అర్జీలో పెట్టింది నేనే. అది ఎస్‌వీజీ అనే రకం బొమ్మ ఫైలుగా వచ్చింది, మా కంప్యూటర్లో పాత వర్డ్ దాన్ని తీసుకోదు. అది తీసుకునే ఈఎంఎఫ్ రకంలోకి మార్చాను. కొండవాలు నిండా చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే, చెత్త అనుకుని ఒక్కొక్కటీ ఏరి తీసేశాను. ఎంత శుభ్రంగా వచ్చిందోనని మురిసిపోయాను కూడా.

తాత మ్యాపు మీద వేలితో వెతికాడు.

"మా అమ్మ రాయి ఏదమ్మా? మా తాత రాయి? సచ్చిపోయినోళ్లకి పాతిన రాళ్లన్నిటి కాడా నిలబడి, ఫోన్లో నొక్కి సుక్కలెట్టినాను. ఒక్కరూ లేరేటి?"