తలుపున్న సీటు

“ఆ సీటుకి తలుపుంటుందా?” మళ్లీ అడిగాడతను.

“ఉంటుందండి. మూసుకుంటే లోపలి మనిషి ఎవరికీ కనిపించరు,” అంది టికెట్లావిడ.

ట్రావెల్ ఆఫీసులో ఆవిడ బల్ల మీద రెండు బొమ్మ విమానాలున్నాయి. ఒకటి నీలం తోకది, ఇంకోటి ఎర్ర తోకది. బిజినెస్ క్లాసులో దూరప్రయాణమంటే ఆవిడకి మహా హుషారు. సీటెంత వెడల్పు, పడుకుంటే కాళ్లు ఎక్కడిదాకా వస్తాయి, దుప్పటి ఎంత మెత్తన, అన్నీ పెళ్లి సంబంధం చెప్పినంత సంబరంగా చెబుతుంది. ఇవాళ మాత్రం అడిగినదానికే జవాబు చెబుతోంది.

కారణం అతని పక్కన కూర్చున్న అమ్మాయి. ఇంత ఉక్కలోనూ నిండు చేతుల చొక్కా వేసుకుంది. ఎడమ చేతికి తెల్లటి కట్టు, చొక్కా అంచు కింద సగం దాగి ఉంది. అద్దాల తలుపు అవతల ఎవరు నడిచినా ఉలిక్కిపడుతోంది. ప్రయాణం ఆమెదే, ఒక్కతే, తిరుగు టికెట్ లేకుండా. పాస్‌పోర్టు మాత్రం అతని గుప్పిట్లో ఉంది. ఇందాక ఆమె నంబరు అడిగితే, “తన ఫోన్ ఆపేసి నా జేబులో పెట్టాను, నాది రాసుకోండి,” అన్నాడు.

“నీలం తోకది మధ్యలో ఒకచోట ఆగుతుంది. ఎర్రది నేరుగా వెళ్తుంది.”

“నేరుగా వెళ్లేదే కావాలి. ఎయిర్‌పోర్టులో జనంలో నిలబడే పని ఉండకూడదు.”

“బిజినెస్ క్లాసుకి వేరే లైనండి.”

“అందుకే అడుగుతున్నా.”

ఆవిడ అమ్మాయి వైపు తిరిగింది. “కిటికీ పక్కన కావాలామ్మా?”

“తననేం అడక్కండి. ఎక్కడైనా ఫర్వాలేదు,” అన్నాడతను.

“మీకేమవుతుంది?”

“చెల్లెలు.”

అమ్మాయి తలూపింది. ఊపమంటే ఊపినట్టుంది.

“అక్కడ దిగాక?”

“తెలిసినవాళ్లొచ్చి తీసుకెళ్తారు.”

ఆవిడ అనుమానం ముదిరింది. ఊరందరి గొడవా నెత్తినేసుకుంటావని ఇంట్లో ఆయన రోజూ సాధిస్తాడు. వేసుకోకపోతే ఈ పిల్ల గతేమిటి?

“ప్రింటర్లో కాగితాలు పెట్టొస్తా,” అని వెనక గదిలోకి వెళ్లి పోలీసులకి ఫోన్ చేసింది. ఆఫీసు అడ్రసు చెప్పింది. పొడుగు పిల్ల, చెవి కింద పుట్టుమచ్చ, పక్కన ఒక మగమనిషి అని చెప్పింది. అవతలివాళ్లు కాసేపు ఆగమని ఎవరో ఇన్‌స్పెక్టర్‌కి కలిపారు.

“ఎడమ చేతికి కట్టుందా?” అడిగాడాయన.

“ఉందండి.”

కట్టు సంగతి తను చెప్పనేలేదు. అంటే ఈ పిల్ల కోసం ఇప్పటికే వెతుకుతున్నారన్నమాట. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

“భయపడకండి. టికెట్ మాత్రం చెయ్యొద్దు. ఏదో ఒకటి మాట్లాడుతూ కూర్చోబెట్టండి. నేనే వస్తున్నా.”

మాట్లాడుతూ కూర్చోబెట్టడం ఆవిడకి ఒకరు నేర్పాలా? వచ్చి కూర్చుని రెండు విమానాల్నీ ముందుకు జరిపింది. ఎర్రదాంట్లో తలుపు బాగుంటుంది గానీ పరుపు ఇరుకంది. నీలందాంట్లో పరుపు బాగుంటుంది గానీ తలుపు పొట్టిదంది. పాత విమానం వేస్తే ఒకలా, కొత్తది వేస్తే ఒకలా ఉంటుందని తలకాయ నెప్పి పుట్టించింది.

“ఏదో ఒకటి చేసెయ్యండి మేడమ్. ఈపూటే వెళ్లిపోవాలి,” అన్నాడతను. నుదుటి మీద చెమట పట్టింది.

“సిస్టమ్ తిరుగుతోందండి.”

సిస్టమేం తిరగడం లేదు. ఒక్క బటన్ నొక్కితే టికెట్ వచ్చేస్తుంది. ఆవిడ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అమ్మాయి మొదటిసారి నోరు విప్పింది. “ఆ తలుపుకి లోపల గడియ ఉంటుందా అండీ?”

వీడికి ఎంతలా భయపడుతోందో పాపం, అనుకుంది ఆవిడ.

అద్దాల అవతల జీపు ఆగింది. అతను చటుక్కున లేచి రెండు చేతులూ చాచి అమ్మాయికి అడ్డంగా నిలబడ్డాడు. పిల్లని వదలడేమోనని ఆవిడ హడలిపోయింది. కానీ అతను నోరు తెరిచేలోగా ఇద్దరు కానిస్టేబుళ్లు లోపలికొచ్చి మెడ పట్టుకుని బయటికి లాక్కెళ్లారు. పాస్‌పోర్టు కింద పడింది. వెనకే వచ్చిన ఇన్‌స్పెక్టర్ దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు.

“చాలా మంచి పని చేశారమ్మా,” అన్నాడు చేతులు జోడించి. మర్యాదస్తుడు.

ఆవిడ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది. భుజం ఇంకా వణుకుతూనే ఉంది. “ఇంక భయం లేదు తల్లీ,” అంది.

అమ్మాయి తలెత్తి ఆవిడ కళ్లలోకి చూసింది.

ఇన్‌స్పెక్టర్ వంగి, కట్టున్న చేతినే పట్టుకుని ఆమెని లేపాడు.

“ఇంటికెళ్దాం పద,” అన్నాడు భార్యతో.