గుట్ట వెనుక గొర్రెలు

ఆ రోజు ఇంట్లో ఐదుగురున్నారు. కల్వకుర్తిలో గొర్రెలు పెంచే గుర్వయ్య, ఆయన భార్య జానమ్మ, తొమ్మిదో తరగతి చదివే కూతురు యాదమ్మ, ముందు గదిలో కిరాయికుండే ఆజం, అతనికి కంప్యూటర్ వాడుకోనిచ్చిన పాలమూరు దుకాణదారు దశరథం. గుర్వయ్యనడిగితే దొడ్డిలోని డెబ్బై గొర్రెలను కూడా కలపమంటాడు.

ఆరు నెలలుగా ఆజం ఆ కంప్యూటర్ మీద గొర్ల కాపరి ఆట తయారుచేస్తున్నాడు. ఇవాళ సరిగ్గా ఆడితే దశరథం ఆటను తీసుకుంటాడు. ఆడకపోతే మిషన్ పట్టుకుపోతాడు.

తెర మీద గొర్రె కాలెత్తింది. జానమ్మ పోయి చాయ్ పెట్టి తెచ్చింది. గొర్రె ఇంకా కాలు దించలేదు.

“కొత్త మిషన్ల ఏస్తే ఉరుకుతయి సార్,” అన్నాడు ఆజం.

“ఆట కోసం ఇల్లమ్మి మిషన్ కొంటరా ఎవ్వలన్న?” దశరథం వైరు మీద చెయ్యేశాడు.

యాదమ్మ ఏనాడూ ఆ గదిలో అడుగుపెట్టలేదు. రోజూ గడప బయట నిలబడే చూసేది. మిషన్ పోతే ఆ చూడటం కూడా ఉండదు. తలుపు చెక్కకేసి చూస్తూ అడిగింది.

“గొర్లెన్ని అన్నా?”

“రెండొందలు.”

“నలభయ్యే కనవడుతున్నయి.”

“మిగిలినయి గుట్టెన్క మేస్తున్నయి.”

ఒక్కో గొర్రె దవడ విడివిడిగా ఆడేలా రాశానని ఆజం గొప్పగా చెప్పాడు. నెమరేయనిది గొర్రే కాదని గుర్వయ్య చెప్పాడట.

“ఎవ్వలకు కనవడనియి ఎందుకన్నా? తీసెయ్. గుట్ట దాటినప్పుడు మల్ల పుట్టియ్యి.”

ఆజం పావుగంట సేపు మీటలు టపటపలాడించాడు. నూట అరవై గొర్రెలు మాయమయ్యాయి. మిగిలిన నలభై కుక్క తరిమినట్టు ఉరికాయి. దశరథం వైరు వదిలి చాయ్ గ్లాసు అందుకున్నాడు. ఆట తీసుకుంటానన్నాడు, మిషన్ ఇక్కడే ఉండనిమ్మన్నాడు. యాదమ్మ మొదటిసారి గడప దాటి లోపలికొచ్చింది.

గుర్వయ్య తెర దగ్గరికొచ్చాడు. సాయంత్రాలు దొడ్డి దగ్గర చేసినట్టే, తెర మీద వేలు పెట్టి జత జతగా లెక్కపెట్టాడు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. లేచి ఇంటి వెనక్కి నడిచాడు.

బాపు మెచ్చుకుంటాడని యాదమ్మ వెంట ఉరికింది. ఆయన దొడ్డి లోపలికి పోయి వెనక్కి తిరిగాడు.

“నువ్వు లోపటికి రాకు బిడ్డా. మనయి సుత ఇంటెన్కనే ఉన్నయి, ఎవ్వలకు కనవడయి,” అని తలుపేసుకున్నాడు.