అరవై దాకా లెక్క

రాత్రి కరెంటు పోగానే, వదులైన తీగ బిగిస్తానని జాషువా ఆత్మకూరు పొలిమేరలోని బోరు దగ్గరికి వెళ్లాడు.

"కరెంటొచ్చినా మోటరు నిమిషమాగే మొదలైతది గదా. నువ్వు రాసిందే! ఫికర్ జెయ్యకు," అన్నాడు భార్య మల్లికతో ఫోన్లో.

మోటరును తనంతట తానే ఆన్ చేసే ఆటో స్టార్టర్‌కు ప్రోగ్రాం ఆమెదే. ఆ నిమిషమంతా అది ఊరికే అంకెలు లెక్కపెడుతుంది. ఇవాళే దాన్ని కొత్తగా విడుదలైన, ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే ఉచిత కంపైలర్‌తో మళ్లీ తయారుచేసి ఎక్కించింది.

ఆ కంపైలర్‌లో ఏం మెరుగుపడిందో అతను ఫోన్ పెట్టేశాక చదువుతోంది. "దేనికీ వాడని లెక్కలను తానే తీసేస్తుంది."

అంతలో ఇంట్లో బల్బు వెలిగింది. ఆ క్షణంలోనే చేలోంచి మోటరు మోత.

వెంటనే ఫోన్ చేసింది. ఎత్తాడు. మోటరు మోతలో మెల్లగా, ప్రోగ్రాంలోంచి పోయిన ఆ అంకెలను ఒక్కొక్కటే లెక్కపెడుతున్నాడు.

అరవై దాటినా ఆపలేదు.